మిసిసిపీలో వోటుహక్కు: ఒక పక్షనిర్మాణ చరిత్రము

శాసనమున వ్రాయబడిన హక్కు వేఱు, మనుష్యుని చేతికందిన హక్కు వేఱు. ఈ రెంటికి నడుమనున్న దూరమెంతటిదో తెలిసికొనగోరువారు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మిసిసిపీ చరిత్రమును జదువవలెను. జాతివర్ణములను బట్టి యెవ్వరికిని వోటు నిరాకరింపరాదని ఆ దేశపు రాజ్యాంగమున 1870లోనే 15వ సవరణ చేరినది. ఐనను 1964 నాటికి ఆ రాష్ట్రమున వోటువయస్సు వచ్చిన నల్లజాతివారిలో నూటికి ఏడుగురైనను జాబితా కెక్కలేదు. జనసంఖ్యలో వారు నూటికి సుమారు 42 వంతులుండిరి!

ఈ వంచన యెట్లు సాగెను? 1890లో మిసిసిపీ పెద్దలు క్రొత్త రాష్ట్రరాజ్యాంగమును వ్రాసికొనిరి. అందలి వోటునిబంధనలలో జాతి ప్రసక్తియే లేదు. ఏటికి రెండు డాలర్ల తలపన్ను కట్టవలెననియు, రాజ్యాంగములోని యొక భాగమును చదువగలుగుటయో, చదువగా విని అర్థము చెప్పగలుగుటయో కావలెననియు మాత్రముండెను. 1954లో ఈ పరీక్షను మఱింత కఠినము చేసిరి. చెప్పిన యర్థము సరియైనదో కాదో తేల్చువాడు వోటర్లను నమోదుచేయు ఉద్యోగియే. ఆతని తీర్పునకు ప్రమాణ మాతని యిష్టమే.

సన్‌ఫ్లవర్ కౌంటీలోని ప్రత్తిచేలలో పనిచేయు ఫానీ లూ హేమర్ అను స్త్రీకి, నల్లవారు వోటరులుగా చేరవచ్చునను మాటయే 1962 వఱకు తెలియదు. ఆ యేటి ఆగస్టు 31వ తేదీన, తన నలువదినాలుగవ యేట, ఈమె మఱి పదునేడుగురితో కలిసి ఇండియనోలా పట్టణమునకు బోయి పరీక్షకు గూర్చుండెను. మరలివచ్చునప్పుడు వారి బస్సు రంగు నేరమని పోలీసులు జరిమానా వేసిరి. దరఖాస్తు ఉపసంహరించుకొమ్మని భూస్వామి యడుగగా, తాను వోటుకై పోయినది ఆతనికొఱకు గాక తనకొఱకేయని యీమె బదులు చెప్పెను. పదునెనిమిదేండ్లు చాకిరిచేసిన తావును ఆ రాత్రియే విడువవలసివచ్చెను. 1963 జనవరిలో పరీక్ష గడచినది గాని, తలపన్ను రసీదులు లేనందున ఆ యేడును వోటు వేయలేకపోయెను. ఆ జూన్‌లో వినోనా చెఱసాలలో ఈమెను క్రూరముగా గొట్టించిరి.

ఇట్టి స్థితిలో ఒక్కొక్కరు వేఱువేఱుగా పరీక్షకు బోవుటవలన ఫలమేమి? మిసిసిపీలో డెమొక్రాటిక్ పక్షమునకు ఎదురు లేదు. ఆ పక్షమున అభ్యర్థిగా నెగ్గినవాడే యెన్నికలో నెగ్గును. కావున పక్షసభ వాకిలి మూసినచో వోటుపెట్టె మూసినట్లే. ఈ సత్యమును గ్రహించిన కార్యకర్తలు 1963 నవంబరులో నమూనా యెన్నిక నడపిరి. సుమారు 80 వేలమంది వోటు వేసిరి. నల్లవారికి రాజకీయాసక్తి లేదను వాదము దానితో కూలిపోయెను. 1964 ఏప్రిల్ 26న జాక్సన్ నగరమున మిసిసిపీ ఫ్రీడమ్ డెమొక్రాటిక్ పక్షము పుట్టెను. దీనివారు మొదట పాతపక్షపు స్థానికసభలకే పోయిరి. అచ్చట వెలివేయబడిన పిమ్మట, ఆ పక్షపు నియమములనే యనుసరించి గ్రామసభ మొదలు రాష్ట్రసభ వఱకు తమ సభలను తామే జరుపుకొనిరి. ఆ జూన్ 21న చేనీ, గుడ్‌మన్, ష్వర్నర్ అను ముగ్గురు యువకులు హత్య చేయబడిరి. ఐనను పని యాగలేదు. ఆగస్టు 6న జరిగిన రాష్ట్రసభలో ఎలా బేకర్ ప్రధానోపన్యాస మిచ్చెను. 68 మంది ప్రతినిధిబృందముగా నెన్నుకోబడిరి.

ఆ నెలలో అట్లాంటిక్ సిటీలో జరిగిన జాతీయ మహాసభలో, అర్హతలు విచారించు సంఘము నెదుట హేమర్ సాక్ష్యమిచ్చెను. అధ్యక్షుడు జాన్సన్ అప్పుడే పత్రికాసమావేశము పెట్టి ప్రజలదృష్టిని మరల్పజూచెను. ఐనను ఆ రాత్రి టెలివిజనులో ఆమె మాటలు దేశమంతయు వినెను. తుదకు రెండు స్థానములిచ్చెదమనియు, ఆ యిద్దరిని తామే నిర్ణయింతుమనియు నాయకులు పలికిరి. దొరకినది పుచ్చుకొని ముందునకు సాగుదమని ఏరన్ హెన్రీ మొదలైనవారి యభిప్రాయము. అది యవివేకము కాదు. కాని ప్రతినిధులను ఎన్నుకొను హక్కుకై వచ్చినవారు, ఇతరులెన్నిన ప్రతినిధులతో తృప్తిపడుట యెట్లు? బృందము నిరాకరించెను.

ఆ నిరాకరణము వ్యర్థము కాలేదు. రాష్ట్రసభ జరిగిన సరిగా యేడాదికి, 1965 ఆగస్టు 6న, వోటుహక్కుల శాసనము వెలువడెను. సెల్మా పోరాటము దానికి సమీపకారణము. మిసిసిపీ సాక్ష్యము దానికి భూమికలలో నొకటి. 1967 నాటికి అచ్చటి నల్లవారిలో నూటికి అఱువదిమంది వఱకు జాబితా కెక్కిరి. ఆ యేడే రాబర్ట్ క్లార్క్ రాష్ట్రశాసనసభకు ఎన్నికయ్యెను. 1968లో షికాగో మహాసభ, ఉభయజాతులవారు గల మిసిసిపీ బృందమునే యంగీకరించెను.

2013లో సుప్రీముకోర్టు ఆ శాసనపు ముఖ్యసూత్రము నొకదానిని కొట్టివేసినందున, వివక్షచరిత్ర గల రాష్ట్రములు వోటునియమములు మార్చుటకు ముందుగా కేంద్రానుమతి పొందవలసిన నిర్బంధము తొలగిపోయెను. కావున చదువరులు గమనింపవలసినది యొకటి కలదు. శాసనము హక్కునకు గోడ వంటిది. దానిని కాపాడునది, గ్రామసభలో కూర్చుండి, నియమములు నేర్చి, లెక్క వ్రాసికొని, మరల మరల వాకిలి తట్టు సామాన్యుల సంఘశక్తియే.