ఇంటి బల్లపై టర్బోప్రాప్ విమానము

సిరిసిల్ల నుండి కామారెడ్డికి పోవు బాటలో ఎల్లారెడ్డిపేట యున్నది. కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి వేఱు, ఇది వేఱు. రెంటిని ఒకటిగా నెంచి పొరపడువారు లేకపోలేదు. ఈ యూరికి విమానాశ్రయము లేదు. రామగుండము చెంత బసంత్‌నగర్ సిమెంటు కర్మాగారము ప్రక్కన నొక పాత రన్‌వే మాత్రము కలదు. అయినను ఇటీవల ఒక సాయంకాలము ఈ యూర ఒక నేతపనివాని యింట, మరమగ్గముల చప్పుడు వినవచ్చుచుండిన గదిలో కూర్చుండి, మేము శంషాబాదు నుండి తిరుపతికి ఏ.టి.ఆర్. విమానములో పోయితిమి. కదలినది బల్లమీది బొమ్మయే.

ఆ యింటి చిన్నవాడు కంప్యూటరులోని విమానయాన క్రీడకు అదనముగా ఈ విమానమును తెచ్చుకొన్నాడు. "మీరు రేడియోల పనిచేస్తరు గద సార్, ఇది అసలుదాని లెక్కనే ఉన్నదా, జర చూసి చెప్పున్రి" అని అడిగినాడు. రేడియోకును విమానమునకును ఏమి చుట్టరికమో మాకు బోధపడలేదు. మేము పైలటులము కాము, చరిత్ర చదివినవారము. కావున ఇట్టి పరీక్ష లోకములో మొదట ఎట్లు జరిగినదో జ్ఞప్తికి తెచ్చుకొంటిమి.

అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ పట్టణమున ఎడ్విన్ లింకు అను యువకుని తండ్రికి ఆర్గన్ వాద్యములు చేయు కర్మాగారము ఉండెడిది. హార్మోనియము తిత్తి యెట్లు పనిచేయునో శ్రోతలకు తెలిసినదే. అట్టి తిత్తులనే చిన్న విమానాకృతి క్రింద అమర్చి, గాలి నింపియు తీసియు, దానిని ప్రక్కలకు ఒరుగునట్లు, ముక్కు ఎత్తునట్లు లింకు చేసినాడు. 1929లో పేటెంటుకై దరఖాస్తు పెట్టెను. పైలటులు దానిని ఆటబొమ్మ యనిరి. కొన్నవారిలో వినోదశాలలవారే యెక్కువ. (ఇచట మా గృహచ్ఛిద్రమొకటి చెప్పక తప్పదు. మన ఆకాశవాణి 1940 నుండి మూడు దశాబ్దములు హార్మోనియమును గడప త్రొక్కనీయలేదు. అదే తిత్తి అచట వైమానికులకు గురువైనది.)

1934లో అమెరికా సైన్యము తపాలా విమానములను నడపు బాధ్యతను తలకెత్తుకొన్నది. మంచులోను చీకటిలోను సాధనములను మాత్రమే చూచి నడపుట నేర్వని యువకులు కొలది వారములలో పలువురు మరణించిరి. అప్పుడు అధికారులు లింకును నెవార్కు విమానాశ్రయమునకు పిలిపించిరి. ఆనాడు పొగమంచు దట్టముగా క్రమ్మినది. ఇక రాలేడని వారు లేచిపోవ సిద్ధపడుచుండగా, లింకు తానే విమానము నడుపుకొనుచు ఆ మంచులోనుండి వచ్చి దిగినాడట. సైన్యము ఒక్కొక్కటి 3,500 డాలర్ల వంతున ఆఱు యంత్రములను కొన్నది. ఆటబొమ్మకు అంతకంటె మంచి పరీక్ష మాకు తెలియదు.

ఆ విద్య ఇంటికి వచ్చుటకు మఱి నాలుగైదు దశాబ్దములు పట్టినది. బ్రూస్ ఆర్ట్‌విక్ అను ఇంజనీరు ఆపిల్ కంప్యూటరుకై గీతల కొండలతో, గీతల నేలతో ఒక విమానయాన క్రీడను రచించెను. 1982లో మైక్రోసాఫ్టు దాని మార్గముననే తన క్రీడను వెలువరించెను. 2014లో ఆ సంస్థకు అధిపతియైన సత్య నాదెళ్ల మన హైదరాబాదువాడు. 2020లో వచ్చిన క్రొత్త కూర్పులో ఉపగ్రహ చిత్రములతో భూమండలమంతయు ఉన్నది.

టర్బోప్రాప్ అనగా గ్యాస్ టర్బైను ఇంజనుతో ముందరి పంకాను త్రిప్పు విమానము. ఈ జాతి ప్రయాణిక విమానములలో మొదటిదైన వైకౌంటు 1948లో ఎగిరినది. 1957లో ఇండియన్ ఎయిర్‌లైన్సుకు వచ్చినది. 1961లో కాన్పూరున కూర్చిన ఆవ్రో ఎగిరినది. ఇక హైదరాబాదు సంగతి: 2011లో స్పైస్‌జెట్ తన క్యూ400 విమానములను ఇచటి నుండియే ఆరంభించెను, 2015లో ట్రూజెట్ ఏ.టి.ఆర్.లతో తిరుపతికి పోసాగెను, 2022లో నిలిచిపోయెను. 2017 డిసెంబరులో ఇండిగో ఏ.టి.ఆర్.లు కూడ ఇచటనే మొదలైనవి. రాజమండ్రికిని తిరుపతికిని పోవు మనవారు ఈ పంకాల హోరు ఎఱుగుదురు.

ఇట్టి విమానమును బొమ్మగా చేయుట జెట్టును చేయుటకంటె కష్టము. జెట్టున ముఖ్యముగా ఒక మీటను ముందుకు త్రోసిన బలము హెచ్చును. ఇచట ఇంజను బలము వేఱు, పంకా వేగము వేఱు, ఱెక్కలు గాలికి ఒడ్డు కోణము వేఱు. మూడును ఒకదానినొకటి లాగుచుండును. పాత క్రీడలలో ఈ లెక్క పొసగక, నేలమీద మెల్లగా నడువవలసిన విమానము మీట వెనుకకు లాగినను పరుగెత్తెడిది. 2013లో క్యూ400ను రచించిన మెజెస్టిక్ అను సంస్థవారు క్రీడలోని లెక్కలను నమ్మక, తమ గణితమును వెలుపల వేఱుగా నడిపించిరి. మా చిన్నవాని ఏ.టి.ఆర్. 2023 ఏప్రిలులో వచ్చినది. రచించినవాడు హాన్స్ హార్ట్‌మన్, ఏ.టి.ఆర్. సంస్థ సహకరించినది.

మొదటి పరీక్ష శంషాబాదులో నిలిచియుండగనే జరిగినది. ఏ.టి.ఆర్.కు తోకలో చిన్న సహాయక ఇంజను లేదు. కావున కుడి ఇంజనును నడుపుచునే పంకాకు బ్రేకు వేసి, దానినుండి విద్యుత్తును, చల్లగాలిని తీయుదురు. చిన్నవాడు అట్లే చేసినాడు. అంతలో వాని తండ్రి మగ్గములు ఆపి గదిలోనికి వచ్చెను. చప్పుడు మారినంతనే నాలుగు మగ్గములలో ఏది చెడినదో చూడకయే చెప్పగల చెవి ఆయనది.

"ఏందిరా, ఇంజను చప్పుడైతంది, రెక్క తిరుగుతలేదు?"

"దానికి బ్రేకు ఏసిన్రు బాపూ."

"గట్లయితే గాలిల గిట్ల అయితె ఎట్ల మరి?"

ఆ ప్రశ్నకు మేము ఉలికిపడితిమి. 2023 జనవరి 15న నేపాలులోని పోఖరాలో అట్టిదే జరిగినది. దిగబోవు యేతి సంస్థ ఏ.టి.ఆర్.లో ఫ్లాపుల మీటను కదపవలసి యుండగా, ప్రక్కనున్న రెండు కండిషన్ మీటలను ఫెదర్ స్థానమునకు లాగివేసిరి. ఇంజనులు రెండును నడచుచునే యుండెను. పంకాల ఱెక్కలు మాత్రము గాలికి అంచుచూపి బలము నిచ్చుట మానినవి. విమానములోని 72 మందియు మరణించిరి.

చిన్నవానిచే ఆకాశమున అదే చేయించితిమి. టార్కు సూచిక సున్నకు పడినది. పంకా వేగము జారిపోయినది. ఇంజను చప్పుడు మాత్రము నిలిచినది. విమానము దిగజారసాగెను. ఈ లెక్కలో రచయిత అబద్ధమాడలేదు. నేలమీద మలుపులలో ముందరి చక్రము కొంచెము తేలికగా తిరిగినట్లు మాకు తోచినది. అది మా భ్రమయైనను కావచ్చును.

కాని ఒక లోపమున్నది, అది రచయితది కాదు. పోఖరాలో పొరపడినది చేయి. ఇంటిలో ఆ మీటలు కీబోర్డుమీది బొత్తాములు. చేతికి తేడా తెలియదు. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున బి-17 బాంబరులు దిగిన పిమ్మట పైలటులు ఫ్లాపులకు మాఱుగా చక్రములను ముడిచివేయుచుండగా, ఆల్ఫన్స్ చపానిస్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు చక్రముల మీటకు చిన్న రబ్బరు చక్రమును, ఫ్లాపుల మీటకు చీలవంటి ముక్కను తగిలించెను; అటుపై ఆ పొరపాటు ఆగినది. ఈ కథ చిన్నవానికి చెప్పితిమి.

మఱునాడు ఫోను వచ్చినది. వాడు అంగడినుండి మీటల పెట్టె తెచ్చుకొన్నాడట. కండిషన్ మీటకు, వాళ్ల బాపు విఱిగిన పాత నాడె కొసను కోసి బిగించి యిచ్చినాడట.