నాళం శుభ్రమైంది, సంచి మిగిలింది

విద్యార్థులారా! వైద్యశాస్త్ర చరిత్ర అంటే కొత్త పరికరాలు కనిపెట్టిన కథ మాత్రమే కాదు. అలవాటుగా పాటిస్తున్న పద్ధతిని పరీక్షించి సరిదిద్దుకున్న కథ కూడా. పిత్తాశయపు రాళ్ల చికిత్స ఇందుకు మంచి ఉదాహరణ.

కాలేయంలో తయారైన పైత్యరసం పిత్తాశయంలో నిల్వ ఉండి, పిత్తనాళం గుండా చిన్నపేగును చేరుతుందని మీరు చదువుకున్నారు. రాళ్లు సాధారణంగా పిత్తాశయంలోనే పుడతాయి. అవి జారి నాళంలో ఇరుక్కుంటే తీవ్రమైన నొప్పి, కామెర్లు వస్తాయి.

1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ మొదటిసారిగా ఒక రోగి పిత్తాశయాన్ని పూర్తిగా తొలగించారు. రాళ్లను ఏరివేస్తే చాలదు, వాటిని పుట్టించే సంచినే తీసివేయాలన్నది ఆయన వాదన. 1974లో జర్మనీ, జపాన్ వైద్యులు మరో మార్గం చూపారు. నోటి ద్వారా ఎండోస్కోప్‌ను పంపి, నాళం ముఖద్వారాన్ని కొద్దిగా కోసి, పొట్ట కోయకుండానే నాళంలోని రాళ్లను తీశారు. నేటి ఇ.ఆర్.సి.పి. చికిత్సలో ఇది ముఖ్యభాగం. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె లాప్రోస్కోపీతో పిత్తాశయాన్ని తొలగించారు. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో టెహెంటన్ ఉద్వాడియా ఆ శస్త్రచికిత్స చేశారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. నాళం శుభ్రమైంది, నొప్పి పోయింది. మరి పిత్తాశయాన్ని ఎప్పుడు తీయాలి? మళ్లీ బాధ వస్తే చూద్దామని కొందరు, వాపు తగ్గేదాకా కొన్ని వారాలు ఆగుదామని మరికొందరు అన్నారు. రెండూ సబబుగానే తోచాయి.

నెదర్లాండ్స్ వైద్యులు రోగులను రెండు జట్లుగా చేసి పోల్చి చూశారు. 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయం తీయకుండా వేచి చూసినవారిలో 47 శాతం మందికి బాధ తిరగబెట్టింది. తీసివేసిన జట్టులో అది 2 శాతమే. 2010 నాటి అధ్యయనంలో 6 నుంచి 8 వారాలు ఆగిన 47 మందిలో 17 మందికి సమస్య మళ్లీ వచ్చింది. 72 గంటలలోపు శస్త్రచికిత్సకు ఎంపికైన 49 మందిలో ఒక్కరికే వచ్చింది. తొందరపడితే ఆపరేషన్ కష్టమవుతుందన్న భయమూ రుజువు కాలేదు. 2019లో యూరప్ ఎండోస్కోపీ సంఘం, ఇ.ఆర్.సి.పి. తరువాత 2 వారాలలోపు పిత్తాశయం తీయడం మంచిదని సూచించింది. బాగా నీరసించినవారి విషయంలో, క్లోమం తీవ్రంగా వాచినవారి విషయంలో వైద్యులు వేరుగా నిర్ణయిస్తారు.

నొప్పి తగ్గిందంటే జబ్బు నయమైనట్లేనని రోగి అనుకోవడం సహజం. రాళ్లు పుట్టే చోటు ఇంకా మిగిలే ఉందన్న సంగతి మీరు మరచిపోకండి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స జరిగితే, ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందే తరువాతి ఆపరేషన్ ఎప్పుడో వైద్యుణ్ణి అడగండి.