కవరు విప్పే అధికారం

ఒకరి ఉత్తరం మరొకరు చదవకూడదన్నది మన ఇళ్లలో చిన్ననాటి నుంచీ నేర్పే మర్యాద. ఆ మర్యాద ప్రభుత్వానికీ వర్తిస్తుందా అన్న ప్రశ్నకు మన దేశంలో సుమారు 140 ఏళ్ల చరిత్ర ఉంది. మన సభ్యులకు, సెల్‌ఫోను చేతపట్టిన వారి మనవలకు ఆ చరిత్ర ఉపయోగపడుతుందని క్లుప్తంగా రాస్తున్నాను.

బ్రిటిషువారు 1885లో టెలిగ్రాఫ్ చట్టం, 1898లో తపాలా చట్టం చేశారు. అత్యవసర పరిస్థితిలో గాని, ప్రజా భద్రత కోసం గాని తంతినీ ఉత్తరాన్నీ ఆపే అధికారం రెంటిలోనూ ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ సెక్షన్లు పోలేదు. పైగా 1986లో తపాలా చట్టానికి సవరణ బిల్లు తెచ్చి, ఆ అధికారాన్ని విస్తరించబోయారు. పార్లమెంటు ఆమోదించింది గాని దేశంలో నిరసన లేచింది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ఆ బిల్లుపై సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. తన వద్దే ఉంచుకున్నారు. అది చట్టం కాలేదు.

టెలిఫోన్ల సంగతి 1996లో తేలింది. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ వేసిన పిటిషన్‌పై డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫోను వినాలంటే కేంద్రంలోనో రాష్ట్రంలోనో హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. అది రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు మించరాదు. ఆ ఉత్తర్వును ఒక కమిటీ సమీక్షించాలి.

ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపినవాడిగా ఈ తీర్పు విలువ నాకు బాగా తెలుసు. నోటి మాటతో పని జరిగే చోట ఎవరికీ బాధ్యత ఉండదు. కారణం రాసి, కింద సంతకం పెట్టి, రేపు పైవారు ఆ ఫైలు తెప్పించుకుంటారని తెలిస్తే ఏ అధికారైనా రెండుసార్లు ఆలోచిస్తాడు.

తరువాత కంప్యూటర్ల కాలం వచ్చింది. మా ఆఫీసులో రహస్య పత్రాలను రెండు కవర్లలో పెట్టి, లోపలి కవరుకు లక్క సీలు వేసేవాళ్లం. ఎన్‌క్రిప్షన్ అంతకంటే గట్టి సీలు. సందేశం దారిలో ఎవరికీ అర్థం కాని రూపంలో వెళుతుంది. తెరిచే తాళంచెవి అందుకున్నవారి ఫోనులోనే ఉంటుంది. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ సందేశాలన్నీ ఇలాగే వెళుతున్నాయి, ఆ కంపెనీ కూడా వాటిని చదవలేదు. బ్యాంకులో మన పెన్షను సొమ్ముకు కాపలా కూడా ఈ విద్యే. దీన్ని నేరస్థులూ వాడుకుంటారన్నది నిజమే. అందుకే ప్రభుత్వాలకు దీనిపై అనుమానం.

2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ముసాయిదా విధానం ప్రకటించింది. ఎన్‌క్రిప్షన్‌తో పంపిన సందేశాల మామూలు ప్రతిని పౌరులు 90 రోజులు భద్రపరచి, పోలీసులు అడిగితే చూపాలన్నది అందులోని ఒక నిబంధన. పంపిన ప్రతి జాబుకూ నకలు ఉంచమన్నట్టే గదా! దేశమంతా ఎదురు తిరగడంతో సెప్టెంబరు 22న దాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఇక మనం గర్వించదగిన ఘట్టం. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో, 86 ఏళ్ల వయసులో, ఆధార్‌పై సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్ అధ్యక్షులుగా ఆయన మనవారికి తెలిసినవారే. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాది ఆధార్ చట్టాన్ని కోర్టు చాలావరకు సమర్థించింది గాని ఆ హక్కు మాత్రం నిలిచింది. రిటైరైనవారి వల్ల ఏమవుతుందనేవారికి ఇదే జవాబు.

అయితే కథ ముగియలేదు. 2023లో వచ్చిన కొత్త తపాలా చట్టం తొమ్మిదో సెక్షను కింద కేంద్రం నియమించిన అధికారి భద్రత మొదలైన కారణాలతో ఉత్తరాలను ఆపవచ్చు, విప్పవచ్చు. ఆ పనిని ఎవరు సమీక్షించాలో సెక్షన్లో లేదు. 1986 నాటి గగ్గోలు ఈసారి వినబడలేదు. ఇది ఢిల్లీ వ్యవహారమే కాదని 2024లో హైదరాబాదులో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు గుర్తు చేసింది.

దేశ భద్రతకు కొన్ని కవర్లు విప్పక తప్పకపోవచ్చు. ఎవరు విప్పారు, ఎందుకు విప్పారు, ఎవరు తనిఖీ చేశారు అన్న మూడు ప్రశ్నలకు ఫైలులో జవాబు ఉండి తీరాలి. ఆ మూడూ అడగడం మన పిల్లలకు నేర్పుదామని సభ్యులందరికీ నా మనవి.