సిరిసిల్ల సాంచాలు

మానేరు ఒడ్డున నున్న సిరిసిల్ల పేరు చెప్పగానే శ్రోతలకు మొదట స్ఫురించునది సాంచాల చప్పుడు. మరమగ్గమును అక్కడివారు సాంచా యందురు. ఆ చప్పుడు పుట్టక పూర్వమే ఆ ప్రాంతపు పద్మశాలీలనేకులు చేతిమగ్గము గిట్టక, పొట్ట చేతబట్టుకొని షోలాపురమునకు, భీవండికి తరలిపోయిరి. అచ్చట మరమగ్గముల పని నేర్చిన కొందరు తిరిగివచ్చి స్వస్థలమున సాంచాలు నెలకొల్పిరి.

1985లో చేనేత రక్షణకై కొన్ని రకముల వస్త్రములను చేతిమగ్గమునకే కేటాయించుచు చట్టము వచ్చినది. అదే సంవత్సరపు జౌళి విధానము మరమగ్గమును మిల్లు మగ్గముతో సమానముగా చూడవలెనన్నది. ఒక చేత గొడుగు పట్టి, మరియొక చేత వాననీళ్లు గుమ్మరించినట్లైనది.

సిరిసిల్ల చిక్కు నూలులోనే కలదు. యజమాని బయటినుండి నూలు తెప్పించి, బీములు పట్టించి ఆసామికిచ్చును. ఆసామి తన సాంచాలపై కార్మికునిచే నేయించును. కార్మికునికి కూలి నేసిన మీటర్ల లెక్క. నూలు ధర పెరిగినను, గుడ్డ అమ్ముడుపోకున్నను యజమాని బీము ఆపును. ఆసామి అప్పునకు వడ్డీ మాత్రము ఆగదు. కార్మికునికి ఆనాటినుండియే కూలి లేదు. ఇంటియొద్ద కండెలు చుట్టు స్త్రీలకును పని లేదు. ఈ వరుసలో అందరికన్న తక్కువ మాట్లాడువాడే అందరికన్న ముందు నష్టపోవును.

2000వ సంవత్సరము తరువాత ఆకలి, అప్పులు, ఆత్మహత్యల వార్తలతో ఆ ఊరు పత్రికలకెక్కినది. ప్రభుత్వము విద్యుత్తులో రాయితీ ఇచ్చినది. కుటుంబమునకు నెలకు 35 కిలోల చొప్పున అంత్యోదయ బియ్యము నిచ్చినది. ఆ బియ్యము ఆకలి నాపినమాట నిజము, బీమును తేలేకపోయినది.

2017లో బతుకమ్మ చీరల పథకము వచ్చినది. గడువు చాలక తొలి ఏట చాలభాగము చీరలు సూరతునుండి తేవలసివచ్చినది! తరువాతి యేండ్లలో సిరిసిల్లకు నెలల తరబడి పని దొరకి, కూలి పెరిగినది. కాని ఊరంతయు ఒకే కొనుగోలుదారుని నమ్ముకొన్నది. 2024 ఆరంభమున కొత్త ఆర్డరు రాక, పాత బాకీలు అందక సాంచాలు నిలిచిపోయినవి. మహిళా సంఘముల చీరల ఆర్డరు వచ్చిన పిదప మరల ఆడినవి. వేములవాడలో నూలు డిపోయు ఏర్పడినది. ఇన్నాళ్లకు నూలు దగ్గరకు చూపు మళ్లినది. సర్కారు చీరలు నేయుట ముగిసిన నెలలలో గుడ్డ నెవరికమ్మవలెనన్నది మాత్రము ఆసామి ఇంటిలో ఇంకను మిగిలియున్న ప్రశ్న.