పట్టపగలు నాలుగు దిక్కులా సంజ

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాటి వెళ్తే రంగాపూర్ వస్తుంది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ అక్కడే. 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండలో పెట్టిన నిజామియా అబ్జర్వేటరీకి ఇది వారసురాలు. ఊరి దీపాలకు దూరంగా ఉంటుందని 48 అంగుళాల టెలిస్కోపును 1968లో ఇక్కడ నిలబెట్టారు. "సార్, పొద్దుగూకేటప్పుడు ఆకాశం ఎందుకు ఎర్రగైతది?" అని ట్యూషన్ పిల్లలు అడిగితే నేను ముందుగా ఈ రంగాపూర్ ముచ్చటే ఎత్తుకుంటాను.

1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. దేశవిదేశాల శాస్త్రవేత్తలు పరికరాలతో రంగాపూర్‌లో దిగారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మేమో ఆవకాయ జాడీల మీద దర్భలు వేసి, తలుపులు బిగించి మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. బజారంతా కర్ఫ్యూ పెట్టినట్టే. రంగాపూర్‌లో మూడున్నర దాటాక సూర్యుడు రెండు నిమిషాలపాటు పూర్తిగా మూతపడ్డాడు. అలాంటప్పుడు నెత్తిమీద చీకటి ఉంటుంది, ఆకాశపు అంచున మాత్రం చుట్టూతా నారింజ వెలుగు. పడమర ఒక్కటే కాదు, తూర్పున కూడా!

సూర్యుడు దిగనేలేదు, మరి సంజ రంగు ఎక్కడిది?

ఎండలో అన్ని రంగులూ ఉన్నాయి. గాలి అణువులకు తగిలినప్పుడు నీలం, ఎరుపు కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా చెదిరిపోతుంది. ఈ లెక్క తేల్చింది ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ, 1871లో. పగలు మన నెత్తిమీద పరుచుకునేది ఆ చెదిరిన నీలమే. సాయంత్రం సూర్యుడు నేలను తాకుతుంటే వెలుగు నిట్టనిలువుగా కాక ఏటవాలుగా వస్తుంది. నడినెత్తిన ఉన్నప్పటి కంటే ముప్పై ఎనిమిది రెట్ల గాలిని దాటి రావాలి. దారిలోనే నీలం రాలిపోతుంది, మిగిలింది కంటికి చేరుతుంది. గ్రహణంలోనూ అంతే. చంద్రుడి నీడ మన మీద పడింది, నీడ అవతల పదుల కిలోమీటర్ల దూరంలో ఎండ కాస్తూనే ఉంది. ఆ వెలుగు నేలను ఆనుకున్న చిక్కటి గాలిలోంచి పాక్కుంటూ వస్తుంది కాబట్టి నారింజగా కనిపిస్తుంది.

దుమ్ము వల్లే ఎరుపు వస్తుందని చాలామంది అంటారు. నేనొప్పుకోను. విజయవాడ హైవే లారీల పొగ, దుమ్ము కమ్మిన రోజు సరూర్‌నగర్ చెరువు కట్టెక్కి చూడండి, సూర్యుడు మాసిన రాగి బిళ్లలా దిగిపోతాడు. పెద్ద రేణువులు అన్ని రంగులనూ ఒకే తీరున చెదరగొట్టి ఆకాశాన్ని వెలవెలబోయేలా చేస్తాయి. వాన వెలిసి గాలి తేటపడ్డ సాయంత్రమే అసలు రంగు.

ఒక గడుగ్గాయి పట్టుకుంది: "ఊదా రంగు నీలం కంటే ఎక్కువ చెదురుతది కదా సార్, ఆకాశం ఊదాగా ఎందుకుండదు?" మంచి ప్రశ్న. ఎండలో ఊదా పాలు తక్కువ, అందులోనూ కొంత పై గాలిలోనే ఇంకిపోతుంది, మన కంటికి దాన్ని పట్టే శక్తీ తక్కువే.