పాతపంటల జాతర

పాతపంటల జాతర సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంత గ్రామాలలో సంక్రాంతి మొదలుకొని సుమారు నెల రోజులపాటు సాగే సంచార విత్తన ప్రదర్శన. దీనిని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (స్థాపన 1983, పస్తాపూర్) మహిళా సంఘాలు రెండు దశాబ్దాలకు పైగా నిర్వహిస్తూ వచ్చాయి. ఈ సంఘాల సభ్యులలో అధికులు దళిత సన్నకారు రైతులు.

నేపథ్యం

ఇది వర్షాధారపు మెట్ట ప్రాంతం. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుములు, కుసుమ వంటి పంటలను ఒకే చేనిలో కలిపి వేయడం ఇక్కడి ఆనవాయితీ. 1983లో ఆంధ్ర ప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అది పేదల ఆకలి తీర్చిన మాట నిజమే. అయితే మెట్ట పంటలకు ఆదరణ తగ్గి, బీద రైతుల చేలు బీళ్ళుగా మిగిలాయి. 1990ల మధ్యలో సంఘాలు ఆ బీళ్ళను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలను ఊరిలోనే నిల్వచేసి పేదలకు తక్కువ ధరకు అందించాయి.

జాతర తీరు

విత్తనాలను మట్టికుండలలోను, బుట్టలలోను అమర్చి, అలంకరించిన ఎడ్లబండ్లపై ఊరూరా తిప్పుతారు. ఊరివారు పాటలతో, వాయిద్యాలతో ఎదురేగి బండ్లకు పూజ చేస్తారు. తరువాత సభ జరుగుతుంది. ఏ విత్తనం ఎవరింట ఉంది, ఏది కనుమరుగైంది, ఎందుకు మానుకున్నారు అన్న విషయాలు చర్చకు వస్తాయి. మరునాడు బండ్లు మరో ఊరికి సాగుతాయి. ముగింపు సాధారణంగా మాచునూరులో జరుగుతుంది.

దీనిని కళగా పరిగణించవచ్చునా అన్న సందేహం సహజం. 1982లో ఆగ్నెస్ డెనెస్ న్యూయార్క్ నగరంలోని మాన్‌హాటన్‌లో రెండెకరాల గోధుమ చేను వేయగా, దానిని సమకాలీన కళలో ముఖ్య కృతిగా గుర్తించారు. అక్కడ చేను వేసినది కళాకారిణి. ఇక్కడ ప్రదర్శనను కూర్చినవారు, చూసేవారు, మరుసటి కారులో ఆ విత్తనాన్ని విత్తేవారు కూడా రైతులే.

చలనచిత్రాలు, రేడియో

సంఘాల మహిళలు కెమెరా పట్టడం కూడా నేర్చారు. వీరిలో పలువురు బడి ముఖం చూడనివారు. చిత్రీకరణ కోణాలకు వారు తమ అనుభవం నుండి పేర్లు పెట్టుకున్నారు. పైనుండి కిందికి తీసేది పటేలు షాటు, కిందినుండి పైకి తీసేది బానిస చూపు, కంటికి సమానంగా తీసేది సంఘం షాటు. ఈ ఒక్క వివరణ అనేక సినిమా పాఠాలకు సాటి.

2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించింది. వరంగల్ జిల్లాలో దానిని వేసిన రైతుల తొలి ఏటి అనుభవాన్ని, నష్టాలను వీరు 2003లో చిత్రంగా తీశారు. పూర్వపు కృష్ణా జిల్లా మెట్టలోని జగ్గయ్యపేట, నందిగామ (2022 నుండి ఎన్టీఆర్ జిల్లా) కూడా పత్తి, మిరప సాగుచేసే ప్రాంతాలే కనుక అక్కడి పాఠకులకు ఈ చిత్రంలోని పెట్టుబడి లెక్కలు పరిచితమైనవే. మూడు బీటీ రకాలకు ఆంధ్ర ప్రదేశ్‌లో అనుమతిని కేంద్ర సంఘం 2005లో పునరుద్ధరించలేదు.

మాచునూరులో సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు ప్రారంభించింది.

గుర్తింపు

సొసైటీ మహిళా సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. సంస్థ వ్యవస్థాపకులలో ఒకరు, పూర్వం దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి.సతీష్, అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైన 2023లో మార్చి 19న మరణించాడు.