ఈతచెట్టు గాట్లు

బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సు నగరమున, దాని పడమటి పల్లెలలో, లాంబిక్ అను పుల్లని బీరును తరతరములుగా కాచుచున్నారు. మొలకెత్తించిన యవలను పచ్చి గోధుమలతో కలిపి కాచిన ద్రవమును, చలికాలపు రాత్రి వెడల్పైన తొట్టిలో మూతలేక చల్లార్చి, గాలిలోని సూక్ష్మజీవులే దానిని పులియబెట్టునట్లు విడిచి, కొయ్యపీపాలలో ఏండ్ల తరబడి నిలువయుంచి, లేతదానిని ముదురుదానిని కలిపి సీసాల కెత్తుదురు. ఆ మిశ్రమమునకు గూజ్ అని పేరు. షెప్‌దాల్ గ్రామమందలి ఐలెన్‌బోష్ వంటి పాత కార్ఖానాలు మూతపడి దశాబ్దములు గడచినను వాని సీసాలు నేలమాళిగలలో నేటికిని అక్కడక్కడ మిగిలియున్నవి. రసికులు వానిని తెరచి, నిమ్మపులుపును, ఎండుగడ్డి వాసనను, తామే ముచ్చటగా చెప్పుకొను గుర్రపు దుప్పటి కంపును వేరువేరుగా ఎంచి, లేని కార్ఖానా పనితనమును నాలుకపై తెలిసికొందురు.

హిందూపురము, పెనుగొండ, ధర్మవరము సీమలలో గాలియు సూక్ష్మజీవులును కలిసి పులియబెట్టు పానీయము లేకపోలేదు. కాని ఈతకల్లు ఆయువు ఒక్క దినము. చెట్టు దిగునప్పటికే ముంతలో నురుగు లేచియుండును. వేకువను తీపిగా నున్నది మధ్యాహ్నమునకు పులుపెక్కి, సాయంకాలమునకు ఘాటెక్కి, మరునాటికి వినిగరువలె గొంతు దిగకుండును. ముంతలో సున్నము పూసినచో పులుపు ఆగి నీరాగా నిలుచును; పూయనిచో, ఎంత కడిగినను వదలని పాతమడ్డియే పాలకు తోడువలె పనిచేయును. కావున మూతపడిన కల్లంగడి కల్లును రుచిచూచుట ఎవరి తరమును కాదు.

పెనుగొండ చరిత్ర యనగానే మనవారు 1565 నాటి యుద్ధమును, పిమ్మట తిరుమలరాయలు రాజధానిని ఇచటికి తెచ్చుటను, కొండమీది కోటను వర్ణింతురే గాని, పెన్న, జయమంగళి, చిత్రావతి గట్లపైని ఈతవనములను గూర్చి ఒక్క పంక్తియైన వ్రాయరు. ఆ వనములను ఎరిగినవారు ఈడిగలు. మోకు నడుమునకు బిగించి చెట్టెక్కి, మట్టలు చెక్కి, తలక్రింది మెత్తని భాగమును గీత కత్తితో నున్నగా చివ్వి, కారు రసమునకు గొట్టము నాటి, ముంత కట్టి దిగుదురు. తాటికి గెలను గీతురు, ఈతకు కాండమునే గీతురు. అందుచేత ఈతచెట్టునకు గాయము మానినను గాటు మానదు. ఒక యేడు ఒక ప్రక్క గీచిన మరుసటి యేడు దాని ఎదుటి ప్రక్క గీతురు గనుక, ఏండ్లు గడచిన కొలది కాండము వంకరటింకరగా మెట్లుపడి పెరుగును. ఆ మెట్ల నెంచినచో చెట్టును ఎన్ని కార్లు గీచిరో చెప్పవచ్చును. బెల్జియమునకు సీసా యెట్టిదో మనకు ఈ కాండము అట్టిదని నా అభిప్రాయము.

సర్కారువారి కాగితములు వేరొక కథ చెప్పును. 1800లో ఈ సీమ నిజామునుండి కుంపిణీ వశమై, మన్రో దొర కలెక్టరుగా వచ్చినది మొదలు కల్లు ఆదాయపు పద్దులలో నొకటి. కల్లు, సారాయములపై గుత్తలు పాడుకొనిన వారు గీతగాండ్రను తమ చెప్పుచేతలలో నుంచుకొనిరి. 1886 నాటి మదరాసు ఆబ్కారీ చట్టము పిమ్మట చెట్టుపన్ను బలపడి, అనుమతి పొందిన చెట్లకు గుర్తులు వేయు పద్ధతి సాగినది. 1921లో కాంగ్రెసువారు కల్లంగళ్లయెదుట పికెటింగు చేసిరి. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధమును ఆరంభించి, ఆబ్కారీ లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపుపన్ను తెచ్చినది. 1948 నాటికి నిషేధము మదరాసు రాష్ట్రమంతట వ్యాపించెను. తాగువాని నీతినిగూర్చి చర్చలు మిక్కిలిగా జరిగినవి గాని, కత్తి ప్రక్కన పెట్టిన గీతగాని కుండలో కూడెట్లు ఉడుకునని అడిగినవారు కొద్దిమంది. అట్లడిగిన వారిలో గౌతు లచ్చన్న ముఖ్యుడు. ఆ గొడవయే 1954లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో ప్రకాశము పంతులు ప్రభుత్వమును ఒక్క ఓటు తేడాతో పడగొట్టినది. 1968 నాటి ఎక్సైజు చట్టము పిమ్మట మరల అంగళ్లు, మరల వేలములు. హిందూపురమునుండి శాసనసభకు నెగ్గి ముఖ్యమంత్రియైన నందమూరి తారక రామారావు 1995లో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో అదియును సడలిపోయెను. అమ్మకపుపన్ను మాత్రము ఏ నిషేధముతోను పోక, పేరు మార్చుకొని మనతోనే యున్నది.

ఈ సంవత్సరములలో చెట్టు ఆయువున కందినవానిని కాండముపై పరీక్షింపవచ్చును. గీత మానిన కాలమున చెట్టు గాటులేక నున్నగా ఎదుగును. నిషేధకాలమున దొంగచాటు గీత జరుగలేదని నేననను. జరిగియున్నచో ఆ గాట్లును అచ్చటనే యుండును, ఆబ్కారీ దస్తావేజులో లేనిది చెట్టుమీద నుండును.

హిందూపురము, పరిగి, లేపాక్షి చుట్టుప్రక్కల వాగుగట్లపై అట్టి ముదిచెట్లు ఎవరి కంటబడినను, వాని ఎత్తును, మెట్లను, నున్నని భాగములను కొలిచి వ్రాసికొనుడు. ఆ యూరి ఈడిగ పెద్దల నడిగి ఏ వనమునకు ఏ పేరో, ఏ యేడు ఎవరు గీచిరో చేర్చుడు. జిల్లా చరిత్రలు వ్రాయు మిత్రులు కోటగోడలతోపాటు ఈ చెట్లకును ఒక అధ్యాయము కేటాయింపవలెనని ప్రార్థించుచున్నాను.